ఎవరు ఎవరికి శ్రుతి కలపాలి?

ముందు నా తప్పు చెప్పేస్తాను. ఆ తర్వాత ఇతరుల తప్పులు లెక్కపెట్టడం కాస్త తేలికవుతుంది.

మూడేళ్ల కిందట ఒక శనివారం మా ఇంట్లో నేనొక వయోలా ద గాంబా తీగ తెంపాను. చేత్తో ముట్టుకోలేదు, మాటతోనే తెంపాను. గాంబా అంటే పదహారో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా యూరప్‌లో మోగిన వాద్యం. మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. ఆరో ఏడో తీగలు, గొర్రె పేగుతో చేసినవి. మెట్లు కూడా పేగువే. మెడ చుట్టూ ముడివేసి కడతారు కాబట్టి కావాలంటే అటూ ఇటూ జరపొచ్చు. నెదర్లాండ్స్‌లో నేనుండే ఊళ్లో ఒక స్నేహితురాలు ఈ వాద్యం వాయిస్తుంది. నేను కంప్యూటర్ మీద సంగీతం చేస్తుంటాను. ఇద్దరం కలిసి ఏదైనా చేద్దామనుకున్నాం. తను వచ్చేసరికే నేను నాలుగు నిమిషాల ట్రాక్ తయారుచేసి పెట్టుకున్నాను. కింద ఒక సింథ్ డ్రోన్, పైన మంచులా పరుచుకునే ఒక ప్యాడ్, మధ్యలో గాంబా కోసం ఖాళీ జాగా.

ఆమె గాంబా 415లో ఉంది. నా ట్రాక్ 440లో ఉంది. అంటే ఇద్దరికీ మధ్య సరిగ్గా అర స్వరం తేడా. "కొంచెం పైకి తీస్తావా?" అన్నాను, పక్కింటివాళ్లని గుప్పెడు చక్కెర అడిగినంత తేలిగ్గా. ఆమె ఒకసారి నా స్క్రీన్ వైపు, ఒకసారి తన వాద్యం వైపు చూసి, మారుమాట్లాడకుండా బిరడాలు తిప్పడం మొదలుపెట్టింది. రెండో టేక్ మధ్యలో పై తీగ టప్పున తెగి, కొస ఆమె చేతికి తగిలి ఎర్రగా గీత పడింది.

"నీ దాంట్లో ఒక అంకె మారిస్తే సరిపోయేది కదా?" అంది. కోపంగా కూడా కాదు, నిజంగానే అర్థంకాక అడిగినట్టు.

సరిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు కూడా. ఆ అంకె మెనూలో రెండు నొక్కుల దూరంలో ఉంది. తెలిసీ నేను సాఫ్ట్‌వేర్‌ని వదిలేసి మనిషిని ఎందుకు వంగమన్నాను? పాత వాద్యాలనీ కొత్త సాఫ్ట్‌వేర్ ధ్వనులనీ కలపడం గురించి ఇప్పుడు జరుగుతున్న వాదన అంతా ఈ ప్రశ్నని పక్కనబెట్టి జరుగుతోందని నా ఫిర్యాదు.

ఆ వాదనలో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం 'కలపకూడదు' అంటుంది. హార్ప్సికార్డ్ పక్కన సింథసైజర్ పెట్టడం గుళ్లో డీజే పెట్టడం లాంటిదని వీళ్ల బాధ. రెండో పక్షం 'ఎలాగైనా కలపొచ్చు' అంటుంది. కళకి ఎల్లలేమిటి, మీరింకా ఏ కాలంలో ఉన్నారు అని అడుగుతుంది. నేను మొదటి పక్షంలో ఎప్పుడూ లేను. రెండో పక్షంలో చాలాకాలం ఉన్నాను, తీగ తెగేదాకా.

మొదటి పక్షంతో నా పేచీ చిన్నది. వాళ్లు కాపాడుతున్నామనుకునే 'స్వచ్ఛత' మొన్నమొన్నటిదే. వాండా లాండోవ్‌స్కా హార్ప్సికార్డ్‌ని మళ్లీ కచేరీ వేదిక ఎక్కించినప్పుడు ఆమె వాయించింది పద్దెనిమిదో శతాబ్దపు వాద్యం కాదు. 1912లో ప్లేయెల్ కంపెనీ ఆమె కోసం తయారుచేసింది. పియానోలు కట్టే చేతులే దాన్ని కట్టాయి. బరువైన కట్టడం, కాలితో తొక్కే పెడళ్లు, ఒక స్థాయి కింద పలికే అదనపు తీగల వరస. ఆ కాలపు ఆధునికతని పాత వాద్యానికి అతికించడమే అది. పాత వాద్యాలను విప్పి చూసి, అవి కట్టిన తీరునే కడదామని ఫ్రాంక్ హబ్బర్డ్, విలియం డౌడ్ బోస్టన్‌లో పని మొదలుపెట్టింది 1949లో. ఇక 415 సంగతి. బరోక్ శ్రుతి అని అందరూ భక్తిగా చెప్పుకునే ఈ అంకె కూడా ఇరవయ్యో శతాబ్దపు ఒప్పందమే. ఆ రోజుల్లో రోమ్‌లో శ్రుతి తక్కువ, వెనిస్‌లో ఎక్కువ, జర్మనీ చర్చి ఆర్గన్లలో ఇంకా ఎక్కువ. ఊరికో శ్రుతి ఉంటే కచేరీలు ఎలా? అందుకని 440కి సరిగ్గా అర స్వరం కిందున్న 415ని ఎంచుకున్నారు. హార్ప్సికార్డ్ కీబోర్డ్‌ని ఒక తీగ పక్కకి జరిపితే చాలు, రెండు శ్రుతుల్లోనూ పనికొస్తుంది. ఇది సౌకర్యం, నాకేం అభ్యంతరం లేదు. కానీ సౌకర్యాన్ని ఆగమశాస్త్రం చేసి సింథసైజర్‌ని గుమ్మం బయట నిలబెట్టడం మాత్రం అన్యాయం.

అసలు పేచీ రెండో పక్షంతో, అంటే నాతోనే.

మేం 'కలపడం' అని పిలిచేదాంట్లో చాలా భాగం కలపడం కాదు, లొంగదీసుకోవడం. అది మూడు మెట్లలో జరుగుతుంది: శ్రుతి, స్వరాల మధ్య దూరాలు, కాలం. మూడింట్లోనూ వంగగలిగింది సాఫ్ట్‌వేర్, వంగలేనిది వాద్యం. మూడింట్లోనూ మేం వాద్యాన్నే వంచుతాం.

శ్రుతి సంగతి చూడండి. 415 నుంచి 440కి పోవడమంటే కంపనాల లెక్కన 6 శాతం. తీగ మీద లాగుడు మాత్రం ఆ నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది కాబట్టి, సుమారు 12 శాతం ఎక్కువ. ఒక తీగ మీద కాదు, ఆరేడు తీగల మీదా. ఆ బరువంతా పలచటి పైచెక్క మోయాలి. అసలే పై తీగని తెగే హద్దుకి దగ్గరగా బిగిస్తారు, అక్కడే దాని గొంతు బాగుంటుంది కాబట్టి. సాఫ్ట్‌వేర్‌లో 440ని 415 చేస్తే దేని మీదా ఒక్క గ్రాము బరువు పడదు.

రెండోది స్వరాల మధ్య దూరాలు. ఇది చాలామందికి వినిపించదని అనుకుంటారు. కర్ణాటక సంగీతం వినే చెవికి ఇది వినిపించదంటే నేను నమ్మను. బాగా శ్రుతి చేసిన తంబుర మీటుతూ ఉంటే, ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పైకి తేలి వస్తుంది. స్వయంభువు అన్నారు మనవాళ్లు. షడ్జమం నుంచి దాని దూరం 5:4 నిష్పత్తి, అంటే సుమారు 386 సెంట్లు. సాఫ్ట్‌వేర్ ఏదైనా తెరవగానే ఇచ్చే ఈక్వల్ టెంపరమెంట్‌లో ఆ దూరం 400 సెంట్లు. 14 సెంట్ల తేడా. చిన్నదే అనిపిస్తుంది కదూ? కీబోర్డ్ మధ్యలో ఉన్న 'సి', దాని పైన 'ఇ' కలిపి నొక్కి పట్టుకోండి. ఈక్వల్ టెంపరమెంట్‌లో ఆ రెండింటి పైస్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని సెకనుకు 10 సార్లు వణుకుతాయి. పియానోలో స్వరం త్వరగా సన్నగిల్లుతుంది కనుక ఆ వణుకు మనం పట్టించుకోం. నిమిషాల తరబడి సాగే సింథ్ ప్యాడ్‌లో అది ఎక్కడికీ పోదు. మేం దానిమీద ఇంకాస్త రివర్బ్ పోసి 'వాతావరణం' అంటాం.

మీన్‌టోన్ అనే పాత అమరికలో ఎనిమిది గాంధారాలు వణుకు లేకుండా అచ్చంగా 5:4లో ఉంటాయి. దానికి మూల్యం కూడా ఉంది. ఒక పంచమం 738 సెంట్ల దాకా సాగిపోయి ఊళ వేస్తుంది. దాన్ని తోడేలు అనే పిలిచేవాళ్లు. ఆ కాలపు స్వరకర్తలు తోడేలు ఎక్కడుందో తెలుసుకుని దాని చుట్టూ నడిచారు, అప్పుడప్పుడూ కావాలనే దగ్గరికెళ్లి భయపెట్టారు. గాంబా, ల్యూట్ వాయించేవాళ్లు ఆ ముడి మెట్లని వెంట్రుకవాసి జరిపి ఇలాంటి అమరికలకి దగ్గరగా వస్తారు. అదంతా చేసుకుని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఈక్వల్ టెంపరమెంట్ ప్యాడ్ మీద వాయించమంటాం. తర్వాత ఆమె స్వరాలు 'కొంచెం ఆఫ్' ఉన్నాయని, 1997 నుంచి మన మధ్య ఉన్న ఆటోట్యూన్‌తోనో దాని తమ్ముళ్లతోనో సరిచేస్తాం. 14 సెంట్లు తప్పు పలికింది మా పెట్టె, శిక్ష ఆమె వేళ్లకి.

సాఫ్ట్‌వేర్‌కి చేతకాదా అంటే, చేతకాకపోవడం ఏం లేదు. మిడి పుట్టింది 1983లో. ఏ స్వరాన్నైనా ఏ కంపనానికైనా మార్చుకునే మిడి ట్యూనింగ్ స్టాండర్డ్ 1992లోనే వచ్చింది. లాజిక్‌లో ప్రాజెక్ట్ సెట్టింగులు తెరిస్తే పాత టెంపరమెంట్లు వరసగా కనిపిస్తాయి. పియానోటెక్‌లో మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్ మెనూలోనే ఉంటాయి. స్కాలా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మీరే ఒక అమరిక రాసుకోవచ్చు. ఇది చెయ్యలేని పాత సింథ్‌లూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ మాలో ఎక్కువమందికి ఉన్న అడ్డంకి అది కాదు. తెరవగానే ఏముందో అదే సహజమనుకోవడం మా అడ్డంకి. పెట్టె తెరవగానే 440, ఈక్వల్ టెంపరమెంట్, నిమిషానికి 120 దెబ్బలు ఉంటాయి. అవి ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని పెట్టిన అంకెలు. మేం వాటిని గాలీ నీరూ అనుకుంటాం.

మూడోది కాలం. నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గనిపించేది ఇక్కడే. హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే ఒక చిన్న ములుకు తీగని మీటుతుంది. గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా చప్పుడు దాదాపు ఒకటే. మరి భావం ఎలా పలుకుతుంది? కాలంతో. ఒక స్వరాన్ని రవ్వంత ఆలస్యం చేస్తారు. తీగల కట్టని ఒక్కసారిగా కాకుండా పూలు చల్లినట్టు పరుస్తారు. ఒక స్వరం మీద వేలు ఉండగానే ఇంకోటి మీదకు వెళ్తారు. ఫ్రాన్స్వా కూప్రాఁ 1716లో అచ్చువేసిన వాదన గ్రంథంలో దీన్ని వివరించాడు. సరైన చోట స్వరాన్ని ఆపి ఇస్తే, పెంచలేని ధ్వని పెరిగినట్టు చెవికి తోస్తుందని. అతని పెదనాన్న లూయీ కూప్రాఁ రాసిన కొన్ని ప్రెల్యూడ్‌లలో అసలు తాళపు గీతలే లేవు. అన్నీ గుండ్రటి స్వరాలు, ఏది ఎంతసేపో వాయించేవాళ్ల విజ్ఞతకే వదిలేశాడు.

ఇలాంటి వాద్యాన్ని తెచ్చి మేం చేసేదేమిటి? చెవిలో క్లిక్ ట్రాక్ పెడతాం. వాయించాక స్వరాలని గీతల మీదకి లాగి క్వాంటైజ్ చేస్తాం. అంటే దానికున్న ఒకే ఒక్క నాలుక కోస్తాం. కోశాక, పాపం మూగగా ఉందని జాలిపడి, హార్ప్సికార్డ్ శాంపిల్‌కి వెలాసిటీ తగిలించి, 0 నుంచి 127 దాకా పెద్దా చిన్నా చేస్తాం. దాని సొంత భాష తీసేసి పియానో భాష నేర్పించి, 'చూడండి, ఎంత బాగా మాట్లాడుతోందో' అంటాం. ప్లేయెల్ వాళ్లు చెక్కతో చేసింది మేం మౌస్‌తో చేస్తున్నాం. వందేళ్లకి పైగా గడిచింది, నేర్చుకున్నది అంతంతమాత్రం.

ఇక్కడ నాకు వచ్చే జవాబులు తెలుసు, అవి ఒకప్పుడు నేనిచ్చినవే. 'వినేవాడికి ఇవేమీ తెలియవు' అన్నది మొదటిది. పేరు తెలియదు, నిజమే. ఉప్పు తక్కువైతే వంట రానివాడికీ తెలుస్తుంది. 'మీన్‌టోన్ పెడితే నాకు నచ్చిన కార్డులు వాడలేను, తోడేలు కరుస్తుంది' అన్నది రెండోది. కరుస్తుంది. పాత వాద్యంతో పనిచెయ్యడమంటే ఆ పరిమితితో పనిచెయ్యడమే. లిగెటీ 1978లో 'పాసకాలియా ఉంగరేజే' రాసినప్పుడు హార్ప్సికార్డ్‌ని మీన్‌టోన్‌లోనే కోరాడు. ఇరవయ్యో శతాబ్దపు కొత్త సంగీతంలో ముందు వరసలో ఉన్న మనిషి ఆయన, పాతకాలం మీద మోజుతో చేసిన పని కాదది. 'స్టూడియోలో టైముండదు' అన్నది మూడోది. వాద్యాన్ని పైకి తీసి, తీగలు కుదురుకునేదాకా ఆగి, మళ్లీ కిందికి దించడానికి పట్టే టైముతో పోలిస్తే, మెనూలో అంకె మార్చడానికి పట్టేది ఎంత? ఆ జవాబులో దాగున్న మాట వేరు. వాద్యకారుల టైము టైము కాదు, మా టైమే టైము.

దీన్ని సరిగ్గా చేసినవాళ్లు లేరా? ఉన్నారు. వెండీ కార్లోస్ 1968లో మోగ్ సింథసైజర్ మీద 'స్విచ్డ్-ఆన్ బాఖ్' చేసింది. అందులో కొత్త ధ్వని ఉంది గానీ స్వరాల అమరిక మామూలు కీబోర్డ్‌దే. అక్కడితో ఆగిపోయుంటే ఆమె కూడా మా పక్షమే. 1986లో 'బ్యూటీ ఇన్ ద బీస్ట్'కి వచ్చేసరికి ఎలక్ట్రానిక్ వాద్యాలకే రకరకాల శ్రుతి అమరికలు నేర్పింది, కొన్ని తనే కనిపెట్టింది. 1992లో 'స్విచ్డ్-ఆన్ బాఖ్ 2000' అని ఆ బాఖ్‌నే మళ్లీ చేసినప్పుడు, ఈక్వల్ టెంపరమెంట్ వదిలేసి పాతకాలపు అమరికలు వాడింది. ఇరవై నాలుగేళ్లలో యంత్రం మెరుగైంది, నిజమే. ఆ మెరుగుదలని ఆమె దేనికి ఖర్చుపెట్టిందన్నది నాకు ముఖ్యం. బాఖ్‌ని యంత్రం దగ్గరికి లాక్కురావడానికి కాదు, యంత్రాన్ని బాఖ్ దగ్గరికి నడిపించడానికి.

ఇంకో ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. ఎలక్ట్రానిక్ తంబుర. దాని ధ్వని గురించి ఎవరెన్ని అన్నా, నేనూ అన్నాను, ఒక్క విషయంలో ఆ చిన్న పెట్టె మా సాఫ్ట్‌వేర్ మహానుభావులందరికన్నా మర్యాద తెలిసింది. దానికొక గుండీ ఉంటుంది. పాడేవాళ్లు నాలుగున్నర శ్రుతి అంటే నాలుగున్నర, ఆరు అంటే ఆరు, మధ్యలో రవ్వంత కావాలంటే దానికింకో గుండీ. ఏ గురువూ శిష్యురాలితో 'పెట్టెలో ఇదే ఉందమ్మా, గొంతు సర్దుకో' అనడు. పెట్టెనే గొంతుకి సర్దుతారు. పాత సంప్రదాయం, కొత్త పరికరం కలవడమంటే నా లెక్కలో ఇదే. ఎవరూ దీన్ని ఫ్యూజన్ అని పోస్టర్ వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం రాలేదు.

మన చరిత్రలోనే దీనికి వ్యతిరేక దిశలో పోయిన ఉదాహరణ ఒకటుంది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని నిషేధించింది. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. హార్మోనియం రీడ్లు ఎక్కడ బిగిస్తే అక్కడే పలుకుతాయి, గమకం రాదు, మన స్వరస్థానాలకి కుదరదు అన్నది అప్పటి వాదన. నిషేధం తప్పని నేననుకుంటాను. కానీ ఆ వాదనలో ఒక నిజాయితీ ఉంది: ఆ వాద్యం వంగలేదు. సాఫ్ట్‌వేర్‌కి ఆ సాకు లేదు. ఇది వంగగలిగీ వంగని పెట్టె. అందుకే వీణ వాయించే ఆవిడని పిలిచి, మైనంలో పాతిన 24 మెట్లతో వచ్చిన మనిషిని 'మేడమ్, కొంచెం మా కీబోర్డ్‌కి సర్దుకోండి' అన్నప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ మెట్లు జరపాలంటే మైనం కరిగించి మళ్లీ మేళం కట్టాలి. కీబోర్డ్ జరగాలంటే ఒక వేలు చాలు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. పాత వాద్యంతో పనిచేసే ప్రతి సాఫ్ట్‌వేర్ సంగీతకారుడూ ప్రాజెక్ట్ తెరవకముందు వాద్యకారుడికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. మీ శ్రుతి ఎంత? మీ స్వరాలు ఏ అమరికలో ఉన్నాయి? ఈ పాట నడక మీరు పట్టుకుంటారా? ఆ జవాబుల మీద ట్రాక్ కట్టాలి. ముందు మనిషి వాయించాలి, తర్వాత యంత్రం ఆ కాలాన్ని అనుసరించాలి. ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లు వాయించినదాన్ని విని టెంపో గీతని దాని ప్రకారం వంచగలవు. ఇలా చేస్తే ఫలితం గొప్పగా ఉంటుందని హామీ ఇవ్వను. చెత్త సంగీతం అన్ని శ్రుతుల్లోనూ వస్తుంది. కనీసం అది ఇద్దరూ కలిసి చేసిన చెత్త అవుతుంది.

తీగ తెగిన రాత్రి నేను ట్రాక్ తెరిచి 415 పెట్టాను. ఈక్వల్ టెంపరమెంట్ తీసి మీన్‌టోన్ పెట్టాను. అంతదాకా మంచులా పరుచుకుందనుకున్న నా ప్యాడ్‌లో సగం కార్డులు ఒక్కసారిగా కదలకుండా నిలబడ్డాయి, నీళ్లు తేటపడ్డట్టు. మిగతా సగంలో ఒకటి ఊళ వేసింది. తోడేలు. ఆ కార్డు తీసేశాను. నిజానికి అది అక్కడ ఎందుకుందో నాకూ తెలియదు, చెయ్యి అలవాటుగా వెళ్లి పడిందంతే. క్లిక్ ఆపేశాను. నాలుగు నిమిషాల ట్రాక్‌లో మిగిలింది ఒక డ్రోన్, ఆరు కార్డులు. ఇంత తక్కువ పెట్టుకుని పాట అని ఎలా పిలిచేదని భయమేసింది కూడా.

మర్నాడు ఆమెకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. కొత్త పేగు తీగ కట్టాక కొన్నాళ్లు సాగుతూనే ఉంటుందట, రోజూ బిగించాలి, అప్పటిదాకా రికార్డింగ్ కుదరదంది. వచ్చే వారం కాదు, పై వారం చూద్దామంది. నేను సరే అన్నాను. మా పెట్టెకి తొందరేం లేదు కదా.